కలెక్టర్ సాబ్ తల వాల్చిన చోటు

పోయిన వారం ఇంద్రాణిని ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో, టీ కొట్టు ముందు, వీధి వీధంతా చూస్తుండగా నిలబెట్టి వచ్చేశాం. ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఆ అవమానాన్ని ఇంకొకసారి చెప్పుకోక తప్పదు, ఇంద్రాణి ఏమనుకున్నా సరే.

ఆ టీ కొట్టు ముందు చిరిగిన గోనెపట్టా మీద పడుకునే గోధుమరంగు వీధికుక్క పేరు కలెక్టర్ సాబ్. సివిల్స్‌కి చదివే పిల్లలు పెట్టిన పేరది. వాడు మొరగడు, కరవడు, బిస్కెట్టు చూపిస్తే తోక ఊపే రకం కూడా కాదు. ఇంటర్వ్యూకి ముందురోజు సాయంత్రం అభ్యర్థులు మర్నాడు వేసుకోబోయే బట్టలతోనే వచ్చి వాడి ముందు నిలబడతారు. పేరు పెట్టి పిలవకూడదు. చేతిలో తినే వస్తువు ఉండకూడదు. వాడంతట వాడు లేచి వచ్చి ఎవరి పాదాల మీద తల వాలిస్తే వాళ్ళు నెగ్గినట్టే. అనసూయ, పార్థసారథి, సందీప్ అలా నెగ్గినవాళ్ళేనని వీధిలో ఎవరినడిగినా చెబుతారు. తల వాల్చినా నెగ్గనివాళ్ళు ఎందరున్నారో మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఈ సాయంత్రం ఆయనగారి ముందు ఇద్దరు నిలబడ్డారు. ఒకరు ఇంద్రాణి. రాజమండ్రి అమ్మాయి, వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. రెండోది ఆమె గదిలోనే ఉంటున్న శరణ్య. కరీంనగర్ నుంచి వచ్చిన పిల్ల, ఇంటర్వ్యూ దాకా రావడం ఇదే మొదలు. రేపు పొద్దున ఇంద్రాణిది, మధ్యాహ్నం శరణ్యది. కలెక్టర్ సాబ్ లేచాడు, ఇంద్రాణి కుచ్చిళ్ళు వాసన చూశాడు, నోరంతా తెరిచి ఆవులించాడు. తర్వాత పక్కకి నడిచి శరణ్య పాదాల మీద తల పెట్టి కళ్ళు మూసుకున్నాడు. వీధి చప్పట్లు కొట్టింది. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. ఇంద్రాణి కూడా చప్పట్లు కొట్టింది, అందరికంటే గట్టిగా. పోయిన వారం కథ అక్కడ ఆగింది.

ఇప్పుడు ఇద్దరూ మూడో అంతస్తులో తమ గదిలో ఉన్నారు. గదంటే ప్లైవుడ్ చెక్కతో రెండు ముక్కలు చేసిన ఒక హాలులో సగం. రెండు మంచాలు, గోడ నిండా భారతదేశపు పటాలు, కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో ఎదుటివాళ్ళ కిటికీ. ఇంద్రాణి తన చీర విప్పి, సల్వార్ కమీజు వేసుకుని, స్వెట్టర్ తొడుక్కుని, పుస్తకం తెరిచి కూర్చుంది. చదువుతున్నట్టు కనపడాలని పేజీలు కూడా తిప్పుతోంది.

చదువు ఎక్కడిది. కడుపు మండిపోతోంది ఆమెకి. ఆ మాట ఆమె ఎవరితోనూ అనదు కాబట్టి మనం అనాలి. శరణ్య మంచం మీద కూర్చుంటే ఒళ్ళు మండింది. శరణ్య నీళ్ళు తాగితే ఒళ్ళు మండింది. ఆ పిల్లకి మాట్లాడటం రాదు, నలుగురిలో నోరు పెగలదు, మాక్ ఇంటర్వ్యూలో సొంత జిల్లా గురించి అడిగితే నీళ్ళు నమిలింది. ఆమె జవాబులు దిద్దింది ఇంద్రాణి. ఎలా కూర్చోవాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పింది ఇంద్రాణి. తీరా చూస్తే ఆ బోడి కుక్కకి నచ్చింది శరణ్య. కుక్కలో ఏ మహిమా లేదని ఇంద్రాణి రెండేళ్ళుగా అందరితో వాదిస్తోంది. లేదని నమ్మిన మనిషికి ఇంత బాధ ఎందుకో మాత్రం ఆమె తనని తాను అడగలేదు.

శరణ్య వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. వీడియో అప్పుడే కరీంనగర్ కూడా చేరిపోయినట్టుంది, అవతల ఎవరెవరో సంబరపడుతున్న చప్పుడు వినపడుతోంది. తిన్నావా అమ్మా అని అడిగింది శరణ్య. బీపీ మాత్ర మానొద్దంది. తమ్ముణ్ణి తిట్టొద్దంది. చలి ఎక్కువైతే తన రగ్గు కప్పుకోమంది. అప్పుడే పెద్ద ఆఫీసరై ఇల్లంతా చక్కబెడుతున్నట్టు ఎంత నిదానంగా మాట్లాడుతోందో అనుకుంది ఇంద్రాణి.

అదొక్కటేనా. నిన్న తన పుస్తకాలన్నీ కింది అంతస్తు పిల్లలకి పంచిపెట్టింది. టేబుల్ లైటు పక్క గదిలో సాత్వికకి ఇచ్చేసింది. వచ్చే వారం నుంచి తనకి టిఫిన్ డబ్బా వద్దని, అది తెచ్చే భయ్యాకి చెప్పేసింది. ఫలితాలు రాకముందే ముస్సోరీ ట్రైనింగుకి మూట కట్టుకుంటోందన్నమాట అని ఇంద్రాణి నిన్ననే ఒకసారి కుళ్ళుకుంది. ఇవాళ కుక్కగారి ఆమోదముద్ర కూడా పడ్డాక ఆ కుళ్ళుకి పట్టపగ్గాలు లేవు.

ఫోన్ పెట్టేసి శరణ్య, రేపటితో అన్నీ అయిపోతాయి కదా అక్కా అంది. అవును, నీకేం అంది ఇంద్రాణి పుస్తకంలోంచి తలెత్తకుండా. శరణ్య ఇంకేదో అనబోయి ఊరుకుంది. విప్పిన చీర మంచం కోడు మీద వేసి, నైట్ డ్రెస్ వేసుకుని, మొహం కడుక్కోవడానికి బయటికి వెళ్ళింది. అందరికీ కలిపి ఉన్న బాత్‌రూమ్ వరండా చివర ఉంటుంది.

ఆ చీర ఇంద్రాణి కళ్ళముందు వేలాడుతోంది. బూడిదరంగు మంగళగిరి చీర, సన్నటి ఎర్ర అంచు. మా పిన్నిది అని చెప్పింది శరణ్య. పిన్నిగారి చీరలో ఏముందో చూద్దామని, నిజానికి తన చీర కంటే అది ఎందులో గొప్పో చూద్దామని, ఇంద్రాణి లేచి దాన్ని చేతిలోకి తీసుకుంది. అంచు పట్టుకుని వేళ్ళతో జరుపుతూ పోయింది. ఒకచోట వేళ్ళు ఆగాయి.

అంచులో అరచేతి మేర రఫూ చేసి ఉంది. దారం రంగు కలవలేదు. ఎర్ర అంచులో కాస్త నారింజ రంగు దారం.

ఆ రఫూ చేయించడానికి కరోల్ బాగ్ దాకా వెళ్ళింది ఇంద్రాణే. దారం కలవలేదని రఫూ పనివాడితో గొడవ పడింది కూడా ఆమే. ఎందుకంటే అది అనసూయ చీర.

అనసూయ ఇదే గదిలో, ఇప్పుడు శరణ్య పడుకుంటున్న మంచం మీదే ఉండేది. ఓ వానాకాలం సాయంత్రం వీధిలో తడిసి వణుకుతున్న కుక్కపిల్లని తీసుకొచ్చి, తుండు దొరక్క చేతికందిన ఈ చీరలోనే చుట్టింది. ఆ కుక్కపిల్ల ఆ చీరలోనే పెరిగింది, పళ్ళు వచ్చాక ఈ అంచునే కొరికింది. పెద్దదయ్యాక టీ కొట్టు ముందుకి కాపరం మార్చింది. అనసూయ నెగ్గి వెళ్ళిపోయింది. వెళ్ళాక చాలాసార్లు ఫోన్ చేసింది. ఇంద్రాణి ఎత్తలేదు. మొదట బిజీగా ఉన్నాననుకుంది, తర్వాత ఆ అబద్ధం కూడా మానేసింది. స్నేహితురాలి గొంతులో ఆఫీసర్ గొంతు వినపడుతుందేమోనని ఆమె భయం.

ఇంద్రాణి మంచం మీద కూలబడింది. తర్వాత నవ్వొచ్చింది. కలెక్టర్ సాబ్ శరణ్యని ఎంచుకోలేదు. తన ఉయ్యాల వాసన పట్టి వచ్చి తల పెట్టాడు, అంతే. మహిమా లేదు, మన్నూ లేదు. ఇంత హాయి ఆమెకి ప్రిలిమ్స్ పాసైన రోజున కూడా కలగలేదు.

శరణ్య మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. ఇంద్రాణి ఒళ్ళో చీర చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"మీ పిన్నిది కదూ ఈ చీర?" అంది ఇంద్రాణి.

ఇంద్రాణి రఫూ చేసిన చోట వేలు పెట్టి చూపించింది. ఇది చేయించింది నేను, ఏ పిన్ని తాలూకో ఇప్పుడు చెప్పు అంది. ఎప్పుడూ నోరు పెగలని పిల్ల ఇప్పుడైనా తడబడుతుందని ఎదురుచూసింది. శరణ్య తడబడలేదు. తలుపు దగ్గరకి వేసి, ఎదుటి మంచం మీద కూర్చుని, ఎన్నాళ్ళనుంచో ఈ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు చెప్పింది.

"పార్థసారథి అన్న ఇచ్చిండు అక్కా. పోయిన వారం నువ్వు మాక్ ఇంటర్వ్యూకి పోయినప్పుడు వచ్చిండు. ఢిల్లీల ఏదో పనుండి వచ్చిండట. అనసూయక్క నీకియ్యమని పంపిందని చెప్పిండు. నువ్వు ఆమె ఫోన్ ఎత్తవట కదా."

ఇంద్రాణికి చెంప మీద కొట్టినట్టయింది. చీర శరణ్య ఎక్కడో సంపాదించిందనుకుంది గానీ తనకి వచ్చిందే తీసుకుందని అనుకోలేదు. అనసూయ తనకోసం పంపింది. ఎత్తని ఫోన్లన్నిటి తర్వాత కూడా పంపింది. కలెక్టర్ సాబ్ వచ్చి తల పెట్టాల్సింది తన పాదాల మీద.

నాకెందుకివ్వలేదని అడిగింది. గొంతు పెద్దదైంది, పక్క గదిలో సాత్విక చదువు ఆపినట్టు తెలుస్తూనే ఉంది.

"నీకు అన్నీ ఉన్నయి అక్కా," అంది శరణ్య. "నువ్వు మాట్లాడితే అందరూ చెవి పెట్టి వింటరు. నేను నోరు తెరిస్తే మాట రాదు. రేపు బోర్డు ముందల నువ్వెట్ల కూసుంటవో నాకు కళ్ళకు కట్టినట్టు కనపడ్తది. నేనెట్ల కూసుంటనో గూడ కనపడ్తది. నిన్ను చూస్తే నాకు కడుపు మండేది. ఇదొక్కటన్న నాకుండనీ అనుకున్న."

తనని చూసి ఒకరు ఇంతకాలం కుళ్ళుకున్నారన్న మాట వినగానే ఇంద్రాణికి లోపలెక్కడో హాయిగా అనిపించింది. వెంటనే సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే హాయే ఎక్కువసేపు ఉంది.

కుక్క సంగతి కూడా తెలిసే కట్టుకున్నావా అని అడిగింది. తెలిసేనంది శరణ్య. ఈ చీరలోనే దాన్ని పెంచిన సంగతి పార్థసారథే చెప్పాడట. "చీర కోసమే వస్తడని తెలుసు. తెలిసి గూడ, వాడొచ్చి తలకాయ పెట్టంగనే నిజమే అనిపించింది. ఒక్క నిమిషం మంచిగనిపించింది అక్కా."

ఇంకెవరైనా అయితే ఆ మాట దగ్గర కరిగేవారు. ఇంద్రాణి కరగలేదు. ఆమె చెవుల్లో ఇంకా చప్పట్లే మోగుతున్నాయి. ఈ నాలుగు గోడల మధ్య నిజం తేలితే ఏం లాభం, ఆవులింత చూసింది వీధంతా కదా. ఇప్పుడే చీర కట్టుకుని కిందికి వెళతానంది. నువ్వు కూడా రావాలి, వాడు ఎవరి దగ్గరికి వస్తాడో అందరితోపాటు నువ్వూ చూడాలంది.

శరణ్య అడ్డు చెప్పలేదు. బతిమాలలేదు. "తీస్కో అక్కా. నాకింక అక్కర లేదు," అంది. పైగా ఇంద్రాణి కుచ్చిళ్ళు పోసుకుంటుంటే కింద కూర్చుని అంచు సమంగా లాగి పట్టుకుంది. ఆ వేళ్ళు వణుకుతున్నాయి. పట్టుబడిన దొంగకి చేతులు వణకవా మరి అనుకుంది ఇంద్రాణి.

ఇద్దరూ మెట్లు దిగారు. కింద ఇనప గేటుంది. లాగి వదిలేస్తే దానంతటదే గడియ పడుతుంది, బయటినుంచి తాళంచెవి ఉంటే గానీ తెరుచుకోదు. కుక్కలూ దొంగలూ పైకి వస్తున్నారని ఇంటాయన కిందటేడు పెట్టించాడు. శరణ్య తన తాళంచెవితో గేటు తీసి, అక్క వెళ్ళేదాకా పట్టుకుని నిలబడింది.

ఫిబ్రవరి చలి. టీ కొట్టు దగ్గర లైబ్రరీల్లోంచి అప్పుడే బయటపడ్డ జనం గుంపులుగా ఉన్నారు. ఇంద్రాణి మళ్ళీ చీరలో రావడం చూసి కొందరు నవ్వుకున్నారు. రెండో దర్శనం లేదు దీదీ, సాబ్ ఒకసారి చెబితే చెప్పినట్టే అన్నాడు టీ కొట్టు భయ్యా. ఇంద్రాణి పట్టాకి ఎదురుగా కరెంటు స్తంభం పక్కన, పద్ధతి ప్రకారం ఖాళీ చేతులతో నిలబడింది. శరణ్య ఆమె వెనక కొంచెం ఎడంగా, నైట్ డ్రెస్ మీద శాలువా కప్పుకుని, రబ్బరు చెప్పులతో నిలబడింది.

కలెక్టర్ సాబ్ తలెత్తాడు. లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. ఇంద్రాణి దగ్గరికి వచ్చి, చీర అంచుకి ముక్కు ఆనించి, రఫూ చేసిన చోటే ఆగాడు. తోక కదిలింది. ఎవరికీ కదలని ఆ తోక కదలడం చూసి గుంపు మాటలు ఆపేసింది. ఇంద్రాణి ఊపిరి బిగబట్టింది. ఆ క్షణంలో ఆమె నమ్మింది. కుక్కని నమ్మింది, వీధిని నమ్మింది, రేపటిని నమ్మింది. మహిమ లేదని ఋజువు చేయడానికి వచ్చిన మనిషి, నాయనా, ఒక్కసారి తల పెట్టు అని లోపల్లోపల బతిమాలుకుంది.

వాడు అంచుని ఒకసారి నాకాడు. తర్వాత ఆమె పక్కనుంచి దాటి వెళ్ళి, శరణ్య రబ్బరు చెప్పుల మీద తల వాల్చాడు.

గుంపంతా గొల్లున నవ్వింది. డబుల్ కన్ఫర్మ్ అని ఎవరో అరిచారు. మళ్ళీ ఫోన్లు పైకి లేచాయి. ఇంద్రాణికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చీర లేదు, తిండి లేదు, పిలుపు లేదు, అయినా వెళ్ళాడు. ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక్క కారణం కూడా మిగల్లేదు. అసూయకి కూడా నిలబడటానికి ఏదో ఒక నేల కావాలి కదా, అది కూడా పోయింది.

శరణ్య మొహంలో మాత్రం సంతోషం లేదు. వంగి వాడి తల నిమిరింది. ఏదో చెప్పింది, గోలలో వినపడలేదు. పాదాలు మెల్లగా లాక్కుని గేటు వైపు నడిచింది. వాడు ఆమె వెంటే వెళ్ళాడు. ఆ మహారాణి మొహం చూడబుద్ధికాక ఇంద్రాణి అటు తిరిగి నిలబడింది.

అప్పుడు ఆమె నడుం దగ్గర దోపుకున్న ఫోన్ మోగింది. అనసూయ.

ఎన్నిసార్లు మోగి ఆగిపోయిన పేరో అది. ఇవాళ ఎవరిమీదైనా కోపం చూపించాలి, ఎవరూ దొరకలేదు. ఇంద్రాణి ఎత్తింది.

"ఎత్తావా తల్లీ," అంది అనసూయ. గొంతులో ఆఫీసర్ లేదు, పాత అనసూయే ఉంది. "ఇందాక గ్రూపులో వీడియో చూశాను. నా చీర కట్టుకున్న ఆ అమ్మాయెవరే?"

ఇంద్రాణి గడగడా చెప్పేసింది. రూమ్మేటని చెప్పింది, దొంగని చెప్పింది, చీర తన ఒంటి మీదికి తెచ్చుకున్నానని చెప్పింది. అయినా నీ కుక్క దాని దగ్గరికే పోయిందనీ, దానికి సెలక్షన్ రాసిపెట్టి ఉన్నట్టుందనీ అంది.

దగ్గర్లో ఎక్కడో ఒక కుక్క మొరుగుతోంది. ఆ వీధిలో కుక్కలు చాలానే ఉన్నాయి కాబట్టి ఇంద్రాణి పట్టించుకోలేదు.

"ఇంద్రాణీ, ఇది నీకెప్పుడో చెప్పాల్సింది," అంది అనసూయ. "వాడు నా కాళ్ళ మీద తల పెట్టింది నేను నెగ్గిన ఏడు కాదు. అంతకుముందేడు, లిస్టులో నా పేరు లేని రోజు. నువ్వు మీ ఊళ్ళో ఉన్నావు. నేను డాబా ఎక్కాను, పిట్టగోడ దాకా వెళ్ళాను. వాడు వెనకాలే వచ్చి నా పాదాల మీద తల పెట్టి పడుకున్నాడు. ఎంత తోసినా లేవలేదు. అందుకే ఇవాళ నీతో మాట్లాడుతున్నాను. సారథిదీ ఇదే కథ. నెగ్గాక వీధి ఇంకో కథ అల్లింది, మేమూ సిగ్గుపడి కాదనలేదు."

ఇంద్రాణికి వెంటనే ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే వచ్చి కళ్ళముందు నిలబడ్డాయి. పంచిపెట్టిన పుస్తకాలు. సాత్విక గదిలో వెలుగుతున్న టేబుల్ లైటు. వద్దన్న టిఫిన్ డబ్బా. నా రగ్గు కప్పుకో అమ్మా అన్న మాట. రేపటితో అన్నీ అయిపోతాయి కదా అని అడిగితే తను తలైనా ఎత్తకుండా ఇచ్చిన జవాబు. రేపటి దాకా ఆగడానికి ఆ పిల్ల చేతిలో మిగిలిన ఒక్క నమ్మకాన్ని తనే కదా ఇందాక విప్పించి కట్టుకుంది.

"వింటున్నావా?" అంటోంది అనసూయ. "ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది?"

ఇంద్రాణి వెనక్కి తిరిగింది. స్తంభం పక్కన శరణ్య లేదు. పట్టా మీద కుక్క లేదు. టీ కొట్టు భయ్యా గరిట చేత్తో పట్టుకుని వాళ్ళ ఇంటి వైపు వింతగా చూస్తున్నాడు.

ఎన్నడూ మొరగని కలెక్టర్ సాబ్ ఇనప గేటు మీద ముందుకాళ్ళు రెండూ మోపి, మెట్ల వైపు చూస్తూ గొంతు చించుకుని మొరుగుతున్నాడు. గేటు గడియ పడి ఉంది. ఇంద్రాణి తాళంచెవి మూడో అంతస్తులో, ఇందాక విప్పి మంచం మీద పడేసిన కమీజు జేబులో ఉంది.